గంట తాత పేరు లేని శాంటా ఆట

ఆ రోజుల్లో నాకు రెండు జబ్బులుండేవి. తప్పు కనిపిస్తే నోరు ఊరుకునేది కాదు. తప్పు కనిపించకపోతే మనసు ఊరుకునేది కాదు, వెతికి మరీ పట్టుకునేదాన్ని. రెండోది వయసుతోపాటు తగ్గింది. మొదటిది తగ్గలేదు, తగ్గాలని నేను కోరుకోవడమూ లేదు. ఏటా డిసెంబరు రాగానే రాజాంలో బట్టల షాపుల ముందు ఎర్రటోపీలు పెట్టి, దూది గడ్డాలు అంటించి మనుషుల్ని నిలబెడతారు. "శాంటా అంటే డిస్కౌంటే కదండీ" అని ఎవరో ఒకరు నాతోనే అంటారు. అప్పుడు నాకు ఒళ్లు మండుతుంది. మండిన ప్రతిసారీ నా మొదటి ఉద్యోగమూ, అందులో నేను వెలగబెట్టిన ఒక ఘనకార్యమూ గుర్తొస్తాయి. ఆ ఘనకార్యాన్ని నేను చాలా ఏళ్లు ఊరూవాడా చెప్పుకు తిరిగాను (మీసాలుంటే మెలేసేదాన్ని కూడా). ఇప్పుడు మళ్లీ చెబుతున్నాను గానీ, ఈసారి చివరిదాకా చెబుతాను.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. రాజాంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్‌గా చేరాను. పక్క పల్లెలో మా నాన్న వరీ, మొక్కజొన్నా పండించేవాడు. రోజూ పొద్దున్నే షేర్ ఆటోలో ఒడిలో వేరేవాళ్ల కూరగాయల బుట్ట పెట్టుకుని కాలేజీకి వచ్చేదాన్ని. మా ప్రిన్సిపాల్ గారికి స్టాఫ్‌రూములో ముద్దుపేరు సర్క్యులర్ సారు. ఆయన నోటితో చెప్పాల్సింది కూడా కాగితం మీదే చెప్పేవారు. మంచినీళ్ల బిందె మీద మూత పెట్టాలని ఒక సర్క్యులరు. ఫ్యాను ఆపకుండా గది విడిచి వెళ్లరాదని ఒక సర్క్యులరు. సర్క్యులర్లు చదవకుండా సంతకం పెట్టడం గమనించాను కాబట్టి ఇకపై చదివి పెట్టవలెనని ఇంకొకటి (దాన్ని కూడా ఎవరూ చదవకుండానే సంతకం పెట్టారు). నేను చేరిన రెండో వారంలో నా పేరు ఎత్తకుండా నామీద ఒకటి వచ్చింది. ఆకుపచ్చ సిరా పై అధికారులు సంతకాలకు వాడేది, లెక్చరర్లు నీలం, ఎరుపు సిరాలు మాత్రమే వాడవలెను అని. మా తాలూకా మొత్తానికి పచ్చ సిరాతో పేపర్లు దిద్దే లెక్చరర్ని నేనొక్కదాన్నే. ఎర్ర సిరాతో దిద్దితే పిల్లల రక్తం కళ్లజూసినట్టు ఉంటుందని నా సిద్ధాంతం. సర్క్యులరు మీద పచ్చ సిరాతోనే సంతకం పెట్టి పంపాను. ఆయన ఏమీ అనలేదు. నేను గెలిచాననుకున్నాను.

ఆ సర్క్యులర్లన్నీ మోసుకుని గదిగదికీ తిరిగేది గంట తాత. నౌపడ వైపు ఉప్పుమళ్లలో పుట్టి పెరిగిన మనిషి. పెళ్లయ్యాక రాజాంలో స్థిరపడి, మా కాలేజీలో గంట కొట్టడం, టీలు తేవడం, గదుల తాళాలు తీయడం చేసేవాడు. గంటంటే స్విచ్చు నొక్కితే మోగేది కాదు. రైలు పట్టా ముక్క ఒకటి వేపచెట్టుకి వేలాడేది, దాన్ని ఇనుప రాడ్డుతో కొట్టేవాడు. కొట్టే ముందు కళ్లు మూసుకుని పెదాలు కదిపేవాడు. ప్రార్థనేమో అనుకుని ఒకరోజు అడిగితే, "నేదమ్మా, ఎన్ని దెబ్బలు కొట్టాలో లెక్కెట్టుకుంతన్నాను" అన్నాడు. కాలేజీ మొత్తంలో క్రైస్తవుడు ఆయనొక్కడే. ఆదివారం తప్ప ఆ సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు. ఆదివారం ఆయన ఉండేవాడు కాదు కాబట్టి అప్పుడూ గుర్తుండేది కాదు.

కథలో నాలుగో మనిషి బావమరిది గారు. యాజమాన్యం వారి బావమరిది కావడమే ఆయన చదువు, ఉద్యోగం, అనుభవం. ఆఫీసంతా ఆయన చేతిలో ఉండేది. ఆ డిసెంబరు మొదట్లో ఆయన హైదరాబాదులో ఎవరో బంధువు కంపెనీ చూసి వచ్చాడు. అక్కడ ఉద్యోగులంతా చీటీలు తీసుకుని, ఎవరి పేరు వస్తే వాళ్లకి పేరు చెప్పకుండా బహుమతి పెట్టడం చూశాడట. దాంతో సర్క్యులర్ సారు చేత ఒక సర్క్యులరు రాయించాడు. బోధనా సిబ్బంది, ప్రిన్సిపాల్, ఆఫీసు అధిపతి కలిపి ఇరవై ఇద్దరూ సీక్రెట్ శాంటాలో పాల్గొనవలెను. ఎవరి చీటీ వారికే వస్తే తిరిగి వేసి ఇంకొకటి తీయవలెను. చేతిరాత గుర్తుపట్టకుండా పొట్లం మీద పేరు ఇంగ్లీషు పెద్ద అక్షరాలతో రాయవలెను. అన్నిటికంటే కింద, గీత గీసి మరీ: ఇది ఏ మతానికీ సంబంధించినది కాదు, పెద్ద కంపెనీలలో ఆచారం మాత్రమే.

మర్నాడు మూడో పీరియడులో గంట తాత ఎర్రరంగు ప్లాస్టిక్ టబ్బులో చీటీలు వేసుకుని స్టాఫ్‌రూముకి వచ్చాడు. అందరూ ఎగబడి తీశారు. నా వంతు వచ్చేసరికి నా జబ్బు లేచింది. "తాతా, ఇందులో నీ పేరుందా?" అన్నాను. తాత నవ్వాడు. "నాదెందుకుంతాదమ్మా, నాను స్టాఫు కాదు గదా. నాను టబ్బు" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నా పక్కన కూర్చునే బాటనీ అక్క (వయసులో పెద్దది, నోటిలో చిన్నది) నా చెంగు పట్టుకుని కిందికి లాగింది. "ఒసే, చీటీ తీసుకో, కూకో" అంది. నాకు తలనొప్పిగా ఉందని, రేపు తీస్తానని చెప్పి నేరుగా ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను.

"సార్, క్రిస్మస్ ఆట పెట్టి, కాలేజీలో ఉన్న ఒక్క క్రైస్తవుడినీ బయట నిలబెట్టామండి" అన్నాను.

"ఇది క్రిస్మస్ కాదమ్మా. సీక్రెట్ శాంటా. కింద గీత గీసి రాశాను చూడలేదా?" అన్నారాయన కళ్లజోడు పైనుంచి చూస్తూ.

"మరి శాంటా ఎవరండి?"

ఆయన సర్క్యులరు తిరగేసి చూసి, "సర్క్యులరులో దానికి నిర్వచనం ఇవ్వలేదు" అన్నారు.

పక్క కుర్చీలో ఉన్న బావమరిది గారు అందుకున్నాడు. "శాంటా అంటే ఏటుంది, ఎర్ర కోటు తాత. బొమ్మల కంపెనీవోళ్లు పెట్టినారు. మతం గితం నేదు. నువ్వు లేనిపోనియి ఎత్తకు పాపా." ఆయన నన్ను 'మేడమ్' అనకుండా 'పాపా' అన్నందుకే నేను ఆ క్షణంలో సగం నిర్ణయం తీసేసుకున్నాను.

మిగతా సగం వేపచెట్టు కింద తీసుకున్నాను. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని తాత దగ్గర కూర్చుని, శాంటా ఎవరో నువ్వే చెప్పు తాతా అన్నాను. తాత ముందు మొహమాటపడ్డాడు. తర్వాత ఆయన గొంతు మారిపోయింది. చిన్నప్పుడు ఆదివారం బడిలో చర్చి అయ్యగారు చెప్పిన కథ, అక్షరం మార్చకుండా (అని ఆయన అన్నాడు) నాకు చెప్పాడు.

"ఆయన ఎర్ర కోటు తాత కాదమ్మా. బిసప్పుగారు. నికొలాసు అనీసి. మన బావనపాడు లాగ సముద్రం ఒడ్డున ఊరు ఆయనది, ఓడలు ఆగే ఊరు. ఆ ఊర్లో ఒకాయన బతికి సెడిపోనాడు. ముగ్గురు ఆడపిల్లలు. పొయ్యిలో పిల్లి లేస్త నేదు. ఆ రోజుల్లో తిండి నేకపోతే పిల్లల్ని బానిసలకింద అమ్మీసీవోలు. ఈయనకి తెలిసింది. ఎల్లి ఇచ్చీవొచ్చు గదేటి? ఇస్తే ఆ తండ్రి తల ఒంగిపోద్ది. అందుకని కిటికీలోంచి బంగారం మూట ఇసిరీసి, ఎనక్కి సూడకుండా ఎల్లిపోనాడు. ఆరబెట్టుకున్న మేజోట్లో పడిందంతారు. రెండోసారీ అలాగే ఇసిరినాడు. మూడోసారి ఆ తండ్రి కాపు కాసి, పరిగెత్తి కాళ్లు పట్టీసుకున్నాడు. అప్పుడు బిసప్పుగారు ఏటన్నాడో తెలుసా? 'నాను బతికున్నన్నాళ్లు ఎవురికీ సెప్పకు, సెప్తే ఒట్టే' అన్నాడు."

"అంతేనా తాతా?"

"ఇంకేటి కావాల? పసువుల సాలలో పుట్టిన బిడ్డకి తూరుపు దేశం గ్యానులు కానుకలు అట్టుకొచ్చినారు, అది మొదలు. దేవుడే మనకి బిడ్డనిచ్చినాడు గదా, మనం ఇచ్చీటప్పుడు డప్పు కొట్టుకోకూడదని ఈయన నేర్పినాడు, అది రెండోది. టోపీ, జింకలు, దూది గెడ్డం ఎనకాల వచ్చినాయి. అయ్యన్నీ పోనీలే, పిల్లలకి సరదా."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి ఫోనులో వెతికి చూశాను. మైరా అనే రేవు పట్టణం, నికొలాస్ అనే బిషప్పు, ఆయన పేరు మీద డిసెంబరు మొదటివారంలో పండగ, ఆ పేరే హాలెండు వాళ్ల నాలుక మీద నలిగి, ఓడెక్కి అమెరికా వెళ్లి శాంటాక్లాజు అయిన వైనం, అన్నీ ఉన్నాయి. మూటల సంగతి చరిత్రో కథో ఎవరూ గట్టిగా చెప్పలేరని కూడా ఉంది. నాకది అక్కర్లేదు. ఒక మనిషి తల వంచకుండా ఇవ్వడం ఎలాగో ఆలోచించిన కథ అది. దాన్ని తెచ్చుకుని, మూలం మీద గీత గీసేసి, ఆ కథ తెలిసిన ఒక్కడి చేతిలో టబ్బు పెట్టి తిప్పుతున్నాం మేము. రాత్రి అన్నాల దగ్గర ఇదంతా మా అమ్మకి ఉపన్యాసంలా చెప్పాను.

"మనం దీపం ఎట్టుకునీవోలం. ఆల్ల పండగ గొడవ నీకెందుకే?" అంది అమ్మ.

"మన గౌరమ్మ పండగ ఎవరో తీసుకెళ్లి, ఇది గౌరమ్మది కాదని రాసి, నిన్ను గుమ్మంలో నిలబెట్టి పళ్లాలు మోయిస్తే ఊరుకుంటావా?"

అమ్మ ముద్ద చేతిలో పెట్టుకుని ఆలోచించింది. "పళ్లెం ఆల్ల నెత్తినే బోర్లించీస్తాను" అంది.

అది చాలు నాకు. నోటుబుక్కులోంచి కాగితం చింపి, పచ్చ సిరాతో 'గంట తాత' అని రాసి నాలుగు మడతలు పెట్టాను. మర్నాడు టబ్బు వచ్చినప్పుడు ఆ చీటీ గుప్పిట్లో పెట్టుకుని చెయ్యి లోపలికి పెట్టాను, దాన్ని వదిలేసి ఇంకోటి తీశాను. నాకు లెక్కల సారు పేరు వచ్చింది. తర్వాత తాత టబ్బు పట్టుకుని మిగతావాళ్ల దగ్గరకు, అందరికంటే చివర ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లాడు. నేను ఆ రోజంతా ఏదో రాజ్యాన్ని కూలదోసినదానిలా తిరిగాను. ఇరవై రెండు చీటీలలో ఇరవై మూడోది కలిపితే, తీసేవాళ్లు ఇరవై ఇద్దరే కాబట్టి ఎవరిదో ఒకరిది టబ్బులోనే మిగిలిపోతుందని, మిగిలినవాళ్లకి బహుమతి రాదని నాకు తట్టనే లేదు. నేను ఇంగ్లీషు లెక్చరర్ని. లెక్కలు నా శాఖ కాదు.

ఇరవై నాలుగో తారీకు మధ్యాహ్నం హాల్లో అందరం చేరాం. బావమరిది గారు ఎర్ర కోటు, దూది గడ్డం వేసుకుని వేదిక ఎక్కాడు. ఫ్యాను గాలికి గడ్డం మాటిమాటికీ నోట్లోకి పోతూంటే, దాన్ని ఊదుకుంటూ, పొట్లాల మీద పేర్లు పిలిచాడు. బాటనీ అక్కకి ప్లాస్టిక్ పూల కుండీ వచ్చింది (బాటనీ చెప్పే మనిషికి!). లెక్కల సారుకి నేనిచ్చిన పెన్నుల పెట్టె అందింది. నాకు నీలం సిరా సీసా వచ్చింది, ఎవరిదో ఆ వెటకారం. ఇరవై ఒక్క పొట్లాలు అయ్యాయి. చివర ఒకటి మిగిలింది. ప్రిన్సిపాల్ గారికి ఇంకా రాలేదు కాబట్టి అది ఆయనదేనని అందరం చప్పట్లు మొదలుపెట్టాం. ఆయన కూడా కుర్చీలోంచి సగం లేచారు. బావమరిది గారు పొట్లం తిప్పి చదివి, గడ్డం కిందికి లాగేశాడు.

"గంట తాత అని రాసుంది. ఇదేటి? తాత పేరు ఎలాగొచ్చింది? ప్రిన్సిపాల్ గారిది ఏటైపోయింది?"

ప్రిన్సిపాల్ గారు సగం లేచినవారు మళ్లీ నెమ్మదిగా కూర్చున్నారు. ఆ కూర్చోవడం చూసి నాకు లోపల గిలిగింతలు పెట్టినట్టయింది. సర్క్యులరు రాసినాయనకే సర్క్యులరు వర్తించలేదు! ఆ సరదా అర నిమిషం కూడా లేదు. గుమ్మం దగ్గర టీ ట్రే పట్టుకున్న తాత వైపు బావమరిది గారు వేలు చూపించాడు.

"టబ్బు మోసింది నువ్వే గదా. గిఫ్టు కోసం నీ పేరు నువ్వే రాసీసి ఏసుకున్నావా?"

తాత ట్రే బల్ల మీద పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. "నాను రాయనేదు బాబూ. నాకు సదవడం వచ్చు గానీ, రాయడం నా పేరొక్కటే వచ్చు" అన్నాడు.

"ఆ చీటీ మీద రాసింది నీ పేరే గదా!" అన్నాడు బావమరిది గారు. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. తాత ముఖం చిన్నబోయింది. పాపం, నిజం చెప్పి ఇరుక్కున్నాడు. "ఆ చీటీ ఎవరికి వచ్చింది? లెగండి, సెప్పండి" అని బావమరిది గారు రెండుసార్లు అడిగాడు. ఎవరూ లేవలేదు. "అయితే ఇది నీ పనే. పండగెల్లీసరికి తాళాల గుత్తి ఇచ్చీసి ఎల్లిపో. దొంగబుద్ధి మనిషి మాకొద్దు" అన్నాడు.

దొంగబుద్ధి. ఇరవై ఏళ్లుగా ఆ కాలేజీ తాళాలన్నీ నడుముకి కట్టుకు తిరిగిన మనిషిని ఆ మాట అన్నాడు. నేను లేచాను. బాటనీ అక్క ఈసారి చెంగు లాగితే పిన్నీసు ఊడి వచ్చేసింది, అయినా లేచాను. కాలేజీలో యాస మాట్లాడకూడదని అప్పటికే ఒక సర్క్యులరు ఉంది. ఎమ్మే ఇంగ్లీషు, నా శుద్ధ వ్యావహారికం, అన్నీ ఆ క్షణంలో ఎక్కడికి పోయాయో తెలియదు.

"ఏటండి దొంగబుద్ధి? ఎవురిది దొంగబుద్ధి? ఆ చీటీ రాసింది నాను! ఏసింది నాను! తాతకి తెల్దు. మీరు నెత్తినెట్టుకున్న టోపీ ఎవురిదో మీకు తెలుసేటండి? అది బిసప్పుగారిది. పేరు సెప్పకుండా ఎందుకిస్తారో తెలుసా? పుచ్చుకున్నోడి తల వంగకుండా! మీరేమో గిఫ్టు ఆటెట్టి, ఒక మడిసి తల అందరిముందూ వంచీస్తన్నారు. ఆల్ల కత పట్టుకొచ్చి, ఆల్లది కాదని గీత గీసీసి, ఆల్లచేత టీలు మోయిస్తన్నారు. తాత ఎల్లిపోవాలంటే ముందు నాను ఎల్లిపోతాను. నా రాజీనామా రాసుకోండి. పచ్చ సిరాతోనే ఇస్తాను!"

ఇంకా చాలా అన్నాను. నికొలాసు గారి కథ మొత్తం, మూడు మూటలూ విసిరేదాకా చెప్పాను. ఆవేశంలో ముగ్గురు ఆడపిల్లల్ని నలుగురిని చేశాననీ, మూట వెళ్లి గంజి కుండలో పడిందన్నాననీ తర్వాత బాటనీ అక్క చెప్పింది. చివరికి ఊపిరి అందక ఆగాను. అప్పుడు ప్రిన్సిపాల్ గారు లేచారు. గొంతు సవరించుకున్నారు. వేదిక మీదికి వెళ్లి ఆ పొట్లం తీసుకుని, తాత దగ్గరకు నడిచివచ్చి చేతిలో పెట్టారు. "ఎవరూ ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. టీ చల్లారిపోతోంది. సభ ముగిసింది" అన్నారు. అంతే. బావమరిది గారు ఏదో అనబోయాడు గానీ, గడ్డం మళ్లీ నోట్లోకి పోయింది.

పొట్లంలో ముదురాకుపచ్చ రంగు ఉన్ని స్వెటరు ఉంది. తాత అక్కడే తొడుక్కున్నాడు. పండగ సెలవులయ్యాక కొత్త సర్క్యులరు వచ్చింది. ఇకపై కాలేజీలో జరిగే అన్ని వేడుకలలో బోధనేతర సిబ్బంది కూడా సమానంగా పాల్గొనెదరు అని. దాన్ని నేను రహస్యంగా జిరాక్సు తీయించి మా ఇంట్లో గోడకి అంటించుకున్నాను, నా విజయపతాకలాగా. ఆ తర్వాత ఆ కథ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. పెళ్లిచూపుల్లో చెప్పాను (అయినా ఆయన నన్ను చేసుకున్నాడు). కొత్తవలసలో గవర్నమెంటు ఉద్యోగం వచ్చాక అక్కడా చెప్పాను. ప్రతిసారీ ప్రిన్సిపాల్ గారు సగం లేచి కూర్చున్న దృశ్యాన్ని నటించి చూపించేదాన్ని. ఆయన ముఖం వాడిపోయిన తీరు దగ్గర అందరూ పడీపడీ నవ్వేవారు. ఏటేటా ఆ ముఖం ఇంకొంచెం వాడేది.

పోయిన క్రిస్మస్‌కి తాతని చూడటానికి నౌపడ వెళ్లాను. ఉద్యోగం నుంచి దిగిపోయి సొంతూరు చేరుకున్నాడు. చర్చి నుంచి వచ్చి, ఆ స్వెటరుతోనే మంచం మీద కూర్చున్నాడు. మోచేతుల దగ్గర వేరే రంగు ఉన్నితో అతుకులు వేసి ఉన్నాయి. మనవలు, కోడళ్లు చుట్టూ చేరితే నాకు ఉత్సాహం పొంగి కథ అందుకున్నాను. నా ఉపన్యాసం దగ్గర పిల్లలు కళ్లింతలు చేసుకుని చూశారు. నేను ప్రిన్సిపాల్ గారి వాడిన ముఖం నటించబోతున్నాను. తాత చెయ్యెత్తి ఆపాడు.

"ఇంక సాల్లేమ్మా. ఇన్నేళ్లూ ఒట్టుకి కట్టుబడి నోరు మూసుకున్నాను. ఆయన్ని నువ్వలా ఎక్కిరిస్తంటే ఇనలేకపోతన్నాను. ఇయాల సెప్పీస్తాను, దేవుడు నన్ను సమించాల" అన్నాడు.

"ఏం ఒట్టు తాతా?"

"సారు గదిలోకి టబ్బు అట్టుకెల్లీసరికి రెండు సీటీలు మిగిలినాయి. ఒకటి ఇప్పి సూసినాడు, అందులో సారు పేరే ఉన్నాది. తనది తనకి రాకూడదు గదా, రెండోది ఇప్పినాడు. పచ్చ సిరా. నా పేరు. సారు దాన్ని శానాసేపు సూసినాడు. నవ్వుకున్నాడు. నీ రాత ఆయనకి తెల్దేటి? ఆ సీటీ సించీసి మల్లీ ఆట మొదలెట్టమనొచ్చు. అనలేదు. తన పేరున్న సీటీ మడత పెట్టి జేబులో ఎట్టుకున్నాడు. తనకి ఏటీ రాదని ఆయనకి ఆ రోజే తెలుసమ్మా. 'తాతా, ఇది బయటికి పొక్కితే నిన్ను ఆటలోంచి తీసీస్తారు, ఆ అమ్మాయిని ఉద్యోగంలోంచి తీసీస్తారు. సెప్తే ఒట్టే' అన్నాడు. నాను నీకు సెప్పిన బిసప్పుగారి మాటే, సారు నోట ఇన్నాను. ఇంకెలా సెప్తాను?"

"మరి బావమరిది గారు నిన్ను దొంగంటున్నప్పుడు ఎందుకు ఊరుకున్నావు? ఆయనెందుకు ఊరుకున్నారు?" అన్నాను.

"నాను ఒట్టేసీసినాను గదా. ఆయన ఊరుకోలేదు. కుర్చీ పట్టుకుని లేస్తన్నాడు, నాను సూస్తన్నాను. ఈలోగా నువ్వు లేసిపోనావు. నువ్వు లేసినాక ఇంకెవురికి సందు దొరుకుతాదమ్మా?"

కోడళ్లు పమిటలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను కూడా నవ్వాను, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే. ఇన్నేళ్లూ బిషప్పుగారి తరఫున గొంతు చించుకున్నది నేను. బిషప్పుగారు చెప్పినట్టు చేసింది నేను వెక్కిరించిన మనిషి. హాలు నిండా జనం ముందు ఒట్టి చేతులతో కూర్చోవడానికి సిద్ధపడి వచ్చి, కూర్చుని, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడాయన. ఆ కూర్చోవడాన్ని నేను పెళ్లిళ్లలో నటించి చూపించాను. సిగ్గేసింది. చాలా సిగ్గేసింది. అయినా ఒకటి చెబుతాను, ఆ రోజు అరిచినందుకు నాకు ఇప్పటికీ చింత లేదు. కిటికీలోంచి మూట విసిరేవాళ్లు ఎంత అవసరమో, గుమ్మంలో నిలబడి గొడవ పెట్టుకునేవాళ్లూ అంతే అవసరం. ఎవరు కాదన్నా నేనొప్పుకోను.

ఆ వారంలోనే విజయనగరం వెళ్లాను. సర్క్యులర్ సారు అక్కడే ఒక చిన్న వీధిలో ఉంటున్నారు. ఉన్ని మఫ్లరు ఒకటి కొని, రంగు కాగితం చుట్టి, లోపల ఒక చీటీ పెట్టాను. దానిమీద పచ్చ సిరాతో ఆయన పేరు మాత్రమే రాశాను. మధ్యాహ్నం మూడింటికి ఆటో వీధి చివర ఆపించి, పిల్లిలా నడుచుకుంటూ వెళ్లాను. కిటికీ తెరిచే ఉంది, లోపల పడక్కుర్చీలో ఆయన కునుకు తీస్తున్నారు. బిషప్పుగారి ఊళ్లో కిటికీలకి ఇనుప చువ్వలు ఉండేవి కాదేమో, నా పొట్లం మాత్రం రెండు చువ్వల మధ్య ఇరుక్కుపోయింది. గొడుగు పెట్టి పొడిచాను. అది లోపలికి వెళ్లి స్టూలు మీది స్టీలు గ్లాసుని తన్నింది. గ్లాసు కింద పడి గంట తాత కొట్టినట్టే మోగింది.

"ఎవరది? ముందస్తు సమాచారం లేకుండా..." అని లోపలినుంచి అదే గొంతు వినిపించింది. పరిగెత్తాను. నలభైకి దగ్గర పడిన గవర్నమెంటు లెక్చరర్ని, పట్టుచీర కుచ్చిళ్లు ఒక చేత్తో, గొడుగు ఒక చేత్తో పట్టుకుని పరిగెత్తి ఆటోలో పడ్డాను. "ఏటమ్మా, దొంగతనమేటి?" అన్నాడు ఆటో ఆయన కంగారుగా. "కాదు బాబూ, దానికి తిరగేసింది. బేగి పోనీ" అన్నాను. మలుపు తిరిగేముందు వెనక్కి చూశాను (చూడకూడదు, తెలుసు). ఆయన కిటికీ దగ్గర నిలబడి చీటీని కళ్లజోడు దగ్గరగా పెట్టుకుని చూస్తున్నారు. వీధి వైపు ఒకసారి చూశారు. పిలవలేదు. చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

ఈ ఒక్క పనైనా నోరు మూసుకుని చేద్దామనుకున్నాను. కొత్తవలస చేరేదాకా మూసుకున్నాను కూడా. ఇదిగో, ఇప్పుడు మీ అందరికీ చెప్పేశాను. ఆయన చదువుతారేమోనన్న భయం లేదు, సర్క్యులర్లు తప్ప ఆయన మరేదీ చదవరు. ఏం చేయను, నేను బిషప్పుని కాను కదా.